హోలషోవిత్సే: అరగంటలో చూసి వచ్చేయకూడని ఊరు

చెక్ రిపబ్లిక్‌లోని చెస్కీ క్రుమ్లోవ్ పట్టణం నుంచి బయల్దేరే టూర్ వ్యాన్లు హోలషోవిత్సే అనే పల్లెలో కాసేపు ఆగుతాయి. జనం దిగుతారు, చెరువు గట్టున నిలబడి ఫోటోలు తీసుకుంటారు, ఓ ఐస్‌క్రీమ్ కొనుక్కుని మళ్ళీ ఎక్కేస్తారు. ఫోటోలు బాగానే వస్తాయి. ఊరు ఏ వైపు నుంచి చూసినా అందంగానే ఉంటుంది మరి. కానీ అలా చూసి వెళ్ళినవాళ్ళు "ముద్దుగా ఉంది, పెద్దగా చూడ్డానికేం లేదు" అని మూడు నక్షత్రాలిచ్చి ఊరుకుంటే నాకు మనసుకి కష్టంగా అనిపించింది. అందుకే ఇంత పొడుగు రివ్యూ రాస్తున్నాను. నా మటుకు ఇది ఐదు నక్షత్రాల ఊరు. రానూపోనూ సౌకర్యానికి మాత్రం రెండే ఇస్తాను. ఆ సంగతి కూడా చెప్తాను.

నేను ప్రాగ్‌లో పాత భవనాల మరమ్మతు పనిలో ఉన్నాను. సున్నపు గారలు, గోడల చెమ్మ, రాలిపోయిన నగిషీలు, ఇదే రోజూ చూసేది. కాబట్టి ఏ ఊరెళ్ళినా ముందు గోడలే చూస్తాను. ఈసారి మా అత్తయ్య కూడా వచ్చారు. ఆవిడ జీవితమంతా వ్యవసాయం చేసే ఇంట్లోనే గడిచింది. నేను గోడలు చూస్తుంటే ఆవిడ గాదెలెక్కడ, గొడ్ల సావిడి ఎక్కడ, పొలానికి దారెటు అని చూశారు. ఇద్దరి చూపూ కలిస్తేనే ఈ ఊరు అర్థమైందని నాకనిపిస్తోంది.

ముందు ఊరి ఉనికి. చెక్ దేశపు దక్షిణ బొహీమియా ప్రాంతంలో చెస్కే బుద్యెయోవిత్సే నగరానికి పడమరగా పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరం. జనాభా దాదాపు నూట నలభై. పంచాయతీ పరంగా పక్కనున్న యాంకోవ్ కింద వస్తుంది. దక్షిణంగా బ్లాన్స్కీ లెస్ అడవుల కొండలు, వాటిలో అన్నిటికంటే ఎత్తు 1084 మీటర్ల క్లెత్. ఉత్తరాన నేల పల్లమై చెరువులూ చిత్తడి పచ్చికబయళ్ళూ మొదలవుతాయి. కొండకీ చిత్తడికీ మధ్య, కాస్త ఒంపులున్న సాగు భూముల్లో ఈ ఊరు కూర్చుంది. దూరం నుంచి చూస్తే ఎర్ర పెంకుల కప్పులు తప్ప ఏమీ కనబడవు. ఊరు రోడ్డుకి వీపు పెట్టి, లోపలికి ముఖం తిప్పుకుని ఉంటుంది. మధ్యలోకి వచ్చి నిలబడితే గానీ దాని ముఖం కనబడదు.

ఆ మధ్య భాగమే ఊరికి ప్రాణం. సుమారు 210 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పున్న పచ్చిక మైదానం. అందులో ఒక చేపల చెరువు, చిన్న ప్రార్థనా మందిరం, పాత కమ్మరి కొలిమి, కొన్ని చెట్లు. దాని చుట్టూ 23 ఇటుక రైతు ఇళ్ళు, అన్నీ ముక్కోణపు ముఖగోడల్ని మైదానం వైపే తిప్పి వరసగా నిలబడ్డాయి. ఈ మొత్తాన్ని యునెస్కో 1998లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. క్రుమ్లోవ్ పట్టణం అంతకు ఆరేళ్ళ ముందే, 1992లో చేరింది. క్రుమ్లోవ్‌లో ఉన్నదంతా ప్రభువుల వైభవం. ఇక్కడున్నది రైతులది. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

ఈ మైదానం కొలతలు ఎవరో అందం కోసం గీసినవి కావు. మధ్యయుగంలో ఊరు కట్టినప్పుడు ఇళ్ళకి స్థలాలు కొలిచి పంచారు. ప్రతి ఇంటికీ మైదానం వైపు సన్నటి ముఖం, వెనక పెరడు, ధాన్యపు కొట్టం, ఆ వెనక పళ్ళ చెట్లు, ఇంకా వెనక సన్నగా పొడుగ్గా సాగిన పొలం. ఇల్లు దాటి కొట్టం దాటితే నేరుగా సొంత చేలోకే అడుగు పెడతారు. ఈ పథకం అప్పటి నుంచి ఇప్పటిదాకా చెదరకుండా మిగలడమే యునెస్కో గుర్తింపుకి ఒక పెద్ద కారణం. అత్తయ్య ఒక సందులోంచి ఊరి వెనక్కి నడిచి, చేల వైపు నుంచి ఊరిని చూశారు. "ఇదమ్మా అసలు ఊరు, ముందుదంతా సింగారం" అన్నారు. మీరూ ఆ పని తప్పకుండా చేయండి. ముందు నుంచి చూసిన ఇల్లు ఎంత లోతుగా ఉందో వెనక నుంచే తెలుస్తుంది.

ఇక ఆ సింగారం గురించి. దీన్ని దక్షిణ బొహీమియా గ్రామీణ బరోక్ అంటారు. బరోక్ అంటే వంపులూ సుళ్ళూ నగిషీలతో నిండిన కట్టడాల శైలి. ప్రాగ్‌లో, మఠాల్లో బరోక్ శైలి వెలిగింది 17, 18 శతాబ్దాల్లో. నగరాలు దాన్ని వదిలేసి ముందుకు వెళ్ళిపోయిన చాలా కాలానికి, 19వ శతాబ్దంలో, పల్లెల్లోని మేస్త్రీలు ఆ చర్చిల వంపుల్నీ సుళ్ళనీ రైతు ఇళ్ళ ముఖగోడల మీదికి తెచ్చారు. ఇక్కడి ఇళ్ళు 18, 19 శతాబ్దాలవి. గోడల మీద మనం చూసే గార అలంకారం ఎక్కువగా 19వ శతాబ్దానిది.

అదెలా జరిగిందో చూడాలంటే మైదానంలో ఉన్న సెయింట్ జాన్ ఆఫ్ నెపొముక్ మందిరం దగ్గర మొదలుపెట్టండి. అది 1755లో కట్టినది. నెపొముక్ జాన్ అనే ఈ గురువును 1393లో నాలుగో వాత్స్లావ్ రాజు కాలంలో ప్రాగ్‌లో వ్లతవా నదిలోకి తోసి చంపారు. 1729లో రోమ్ ఆయన్ని సెయింటుగా ప్రకటించింది. ఆ తర్వాత బొహీమియా అంతటా వంతెనల మీద, చెరువుల పక్కన ఆయన విగ్రహాలు, గుళ్ళు వెలిశాయి. వరద నుంచి కాపాడే దేవుడిగా కొలిచారు. తల చుట్టూ ఐదు నక్షత్రాలుంటే అది ఆయన విగ్రహమే. ఈ మందిరం ముఖగోడ పైభాగం గంట ఆకారంలో వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపుని కళ్ళలో పెట్టుకుని చుట్టూ ఉన్న ఇళ్ళ వైపు తిరగండి. అదే వంపు చాలా ఇళ్ళ మీద కనబడుతుంది, కొన్ని చోట్ల కాస్త లావుగా, కొన్ని చోట్ల మరీ పొట్టిగా. ఊరివాళ్ళకి రోజూ కళ్ళ ముందున్న బరోక్ ఇదే కదా.

ఒక ఇంటి ముఖగోడని దగ్గరగా చూసిన సంగతి చెప్తాను. లేత ఆకుపచ్చ రంగు, మీద తెల్లటి గార పట్టీలు. కింద రెండు చిన్న కిటికీలు, వాటి చుట్టూ తెల్లటి చట్రం. కిటికీల పైన గోడ వెడల్పునా ఒక అడ్డపట్టీ. అక్కడ నుంచి గోడ ముక్కోణంలా సన్నబడుతూ పోతుంది. ఆ ముక్కోణంలో అటకకి గాలి కోసం పెట్టిన బుల్లి కిటికీలు, వాటి మధ్య గవ్వ ఆకారంలో ఉబ్బెత్తు నగిషీ, పక్కన సుడి తిరిగిన తీగ, అన్నిటికంటే పైన కట్టిన సంవత్సరం. పోత పోసి అతికించిన నగిషీకి అంచు ఒకే తీరుగా ఉంటుంది. ఇది అలా లేదు. ఎడమ వైపు సుడికీ కుడి వైపు సుడికీ తేడా ఉంది. ఎడమది కాస్త బిగువుగా, కుడిది కాస్త వదులుగా తిరిగింది. గార పచ్చిగా ఉండగానే తాపీతో, చేతి వేళ్ళతో చేసిన పని అది. సున్నపు గార ఆరడం మొదలెడితే మేస్త్రీ చేతికి ఇక లొంగదు. ఉన్న టైములోనే వంపు తిప్పాలి, తప్పొస్తే గీకేసి మళ్ళీ వేయాలి. ఆ ఒత్తిడిలో వచ్చిన తేడా ఇది. నేను ఆ గోడ ముందు చాలాసేపు నిలబడిపోయాను.

రంగులు కూడా గమనించండి. లేత పసుపు, గులాబీ, నీలం, ఆకుపచ్చ, తెలుపు, అన్నీ వెలిసినట్టుండే మెత్తటి రంగులు. సున్నంలో రంగుపొడి కలిపి పూస్తే ఇలాగే వస్తుంది. వాన పడ్డాక కాస్త ముదురుగా మారి, ఎండ రాగానే మళ్ళీ లేతగా అవుతుంది. మేం వెళ్ళిన రోజు పొద్దున్నే చిన్న జల్లు పడింది. వాన తర్వాత ఒక్కో గోడా ఒక్కో వేగంతో ఆరుతుంటే చూడ్డం నాకు చాలా బాగుంది. కొన్ని గోడల అడుగున గార ఉబ్బి పొరలు లేస్తోంది. నేల చెమ్మ పైకెక్కే పాత గోడలకి ఇది తప్పదు. దాన్ని దాచేయకుండా మళ్ళీ సున్నంతోనే సరిచేసుకుంటూ ఉండాలి.

ప్రతి ఇంటికీ మైదానం వైపు ఒకటి కాదు, సాధారణంగా రెండు ముఖగోడలుంటాయి. ఒకటి ఉండే ఇల్లు. రెండోది ధాన్యపు గాదె గానీ, పెద్దవాళ్ళు ఉండే చిన్నిల్లు గానీ. రెండింటినీ కలుపుతూ ఒక గోడ. అందులో బండి పట్టేంత పెద్ద కమాను గుమ్మం, దాని పక్కనే మనిషి పట్టే చిన్న గుమ్మం. లోపల పెరడు చుట్టూ పశువుల కొట్టాలు, చివర్న అడ్డంగా ధాన్యం నూర్చే పెద్ద కొట్టం. గుమ్మం మూసేస్తే అదొక చిన్న కోట.

ఆ చిన్నిల్లు దగ్గరే అత్తయ్య ఆగిపోయారు. చెక్ పల్లెల్లో దీన్ని వీమ్యెనెక్ అంటారు. ముసలి రైతు పొలం, ఇల్లు కొడుక్కి అప్పగించేటప్పుడు, తనూ భార్యా బతికినంతకాలం అదే ఆవరణలో వేరే గదిలోనో చిన్నింట్లోనో ఉంటామని ఒప్పందం రాయించుకునేవాడు. ఉండే చోటు ఒక్కటే కాదు. ఏటా ఎంత ధాన్యం, ఎన్ని పాలు, ఎన్ని గుడ్లు, ఎంత కట్టెపుల్ల కొడుకు ఇవ్వాలో కూడా ఆ కాగితంలో ఉండేది. నేనిది చెప్తుంటే అత్తయ్య శ్రద్ధగా విన్నారు.

"పాలు కూడా రాయించుకునేవాళ్ళా?"

"అవునత్తయ్యా, కొన్ని కాగితాల్లో పళ్ళ చెట్లలో ఏ చెట్టు కాయలు ఎవరివో కూడా ఉంటుంది."

"మంచి పని చేశారు. నోటిమాట మీద ఎవరూ ఉండకూడదు," అన్నారావిడ. తర్వాత ఆ చిన్న ఇంటి ముఖగోడని పెద్దింటి ముఖగోడతో పోల్చి చూసి, "చిన్నదైనా దీనికీ పువ్వులు పెట్టారు చూడు" అన్నారు. నిజమే. పెద్దవాళ్ళని వెనక్కి నెట్టలేదు. చెరువు కనబడేలా మైదానం వైపే, నగిషీతో సహా పెట్టారు. ఎన్ని పుస్తకాల్లో ఈ ముఖగోడల బొమ్మలు చూసినా నాకు ఈ సంగతి తట్టలేదు. ఆవిడ చెప్పాకే చూశాను.

ఇక చరిత్ర. ఇది తెలియకుండా ఊరు చూస్తే సగమే చూసినట్టు.

హోలషోవిత్సే పేరు మొదటిసారి 1263 నాటి రాతల్లో కనబడుతుంది. పక్కనున్న పెద్ద నగరం చెస్కే బుద్యెయోవిత్సేని రెండో ప్రెమిస్ల్ ఒటాకర్ రాజు స్థాపించింది 1265లో. అంటే కాగితాల లెక్కన నగరం కంటే ఈ పల్లే వయసులో పెద్దది. 1292లో రెండో వాత్స్లావ్ రాజు ఈ ఊరిని, ఇంకొన్ని ఊళ్ళని విష్షీ బ్రోద్‌లోని సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠానికి రాసిచ్చేశాడు. అప్పటినుంచి 1848 దాకా, ఐదున్నర శతాబ్దాలు, ఊరు మఠం సొత్తే. రైతులు మఠానికి పన్నులు కట్టాలి, వెట్టి చెయ్యాలి.

1520 నుంచి 1525 మధ్య ప్లేగు వచ్చింది. ఊరు ఊరంతా పోయింది. ఇద్దరే మిగిలారు. చచ్చిపోయినవాళ్ళందర్నీ ఒకే చోట పూడ్చారు, అక్కడ ఒక ప్లేగు స్తంభం నిలబెట్టారు. పొలాలు బీడు పడితే మఠానికి రాబడి ఉండదు కదా. అందుకని మఠం బవేరియా నుంచి, ఆస్ట్రియా నుంచి జనాన్ని తెచ్చి ఖాళీ ఇళ్ళలో పెట్టింది. అలా చెక్ పల్లె జర్మన్ మాట్లాడే పల్లె అయింది. జర్మన్‌లో దీని పేరు హోల్షోవిట్స్. 20వ శతాబ్దం మొదట్లో ఇక్కడ 157 మంది జర్మన్లు, 19 మంది చెక్‌లు ఉండేవారు.

ఇప్పుడు ఆ నగిషీల్ని మళ్ళీ చూడండి. 1848లో వెట్టి రద్దయింది. ఎవరి పొలం వాళ్ళ సొంతమైంది. అంతకుముందు మిగిలినదాంట్లో మఠానికి వాటా పోయేది. ఇప్పుడు పంట బాగుంటే ఆ డబ్బు ఇంటికే. చేతిలో కాస్త డబ్బు ఆడగానే రైతు తన ఇంటి నుదుటి మీద పేరూ సంవత్సరమూ చెక్కించుకున్నాడు. మఠం, మందిరం గోడల మీద తప్ప ఎక్కడా చూడని వంపుల్ని తన గాదె మీద పెట్టించుకున్నాడు. నాకు ఈ గోడల్లో కనిపించేది ఆ గర్వమే. పర్యాటకుల బ్రోషర్లలో వీటిని "ముచ్చటైన ఇళ్ళు" అని రాస్తారు. ముచ్చట పడే ముందు ఆ రైతుల వెనకున్న ఐదున్నర శతాబ్దాల వెట్టిని కూడా తలుచుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక చెకొస్లోవాకియా నుంచి దాదాపు ముప్ఫై లక్షల మంది జర్మన్లని పంపించేశారు. పద్ధతి ప్రకారం రైళ్ళలో తరలించడం 1946లో పెద్దఎత్తున జరిగింది. నాజీల ఆక్రమణ ఎంత క్రూరంగా సాగిందో తెలిసినవాళ్ళకి ఆ కోపం ఎక్కడిదో అర్థమవుతుంది. కానీ నాలుగొందల ఏళ్ళుగా ఒకే పొలం దున్నుకున్న కుటుంబాలు చేత్తో పట్టుకెళ్ళగలిగినంత సామానుతో వెళ్ళిపోవాల్సి వచ్చిందన్నదీ నిజమే. హోలషోవిత్సే రెండోసారి ఖాళీ అయింది. తర్వాత కమ్యూనిస్టు పాలనలో వ్యక్తిగత సేద్యం పోయి సహకార క్షేత్రాలొచ్చాయి. ఆ పెద్ద పెరళ్ళకి, గాదెలకి ఇక పని లేదు. చాలా ఇళ్ళు పాడుబడ్డాయి. 1990 తర్వాతే మరమ్మతులు చేసి మళ్ళీ జనం కాపురాలు పెట్టారు.

ఇక్కడే నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. అదే కాలంలో చుట్టుపక్కల జనం నిండుగా ఉన్న పల్లెల్లో ఏం జరిగింది? డబ్బులొచ్చిన కొద్దీ పాత చిన్న కిటికీలు తీసేసి మూడు పలకల పెద్ద కిటికీలు పెట్టారు. సున్నపు గార గీకేసి బ్రిజోలిట్ అనే బూడిదరంగు సిమెంటు పూత పూశారు. దానితోపాటు గవ్వలూ సుళ్ళూ సంవత్సరాలూ అన్నీ రాలిపోయాయి. సిమెంటు చెమ్మని బయటికి పోనివ్వదు కాబట్టి లోపలి ఇటుక కూడా పాడైంది. నేను పని చేసే గోడల్లో ఎన్నో ఆ పూత కింద నలిగిపోయినవే. హోలషోవిత్సేలో ఆ పూత పూయించడానికి మనుషులే లేరు. పట్టించుకునేవాళ్ళు లేక పాడుబడటం వల్లే ఈ ముఖగోడలు మిగిలాయి. ఈ మాట నేను సంతోషంగా రాయలేను. ఊరి అందాన్ని మెచ్చుకునే ప్రతి ఒక్కరూ ఆ అందం మిగలడానికి కారణం ఎవరో వెళ్ళిపోవడమేనని తెలుసుకోవాలి. ఊళ్ళో తిరిగే టూర్ గైడ్ల మాటలు నేను పక్కన నిలబడి విన్నంతవరకు, ప్లేగు గురించి కథలా చెప్తున్నారు, 1946ని మాత్రం ఒక్క వాక్యంలో దాటేస్తున్నారు. అది మారాలి.

ఒక పాత రైతు ఇంటిని మ్యూజియంగా తెరిచి పెట్టారు. టికెట్ కొని తప్పకుండా వెళ్ళండి. అద్దాల పెట్టెల మ్యూజియం కాదిది. వంటింటి పొయ్యి, పిండి పిసికే తొట్టి, నాగళ్ళు, గడ్డి కోసే కొడవళ్ళు వాటి వాటి చోట్లలోనే ఉన్నాయి. అత్తయ్యకి ఎవరూ ఏమీ వివరించనక్కర్లేకపోయింది. ఒక చెక్క పనిముట్టుని చూసి "ఇది తూర్పారబట్టేదే" అన్నారు. అక్కడున్నావిడ చెక్‌లో అదే చెప్తూ చేత్తో చేసి చూపించింది. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండా చాలాసేపు మాట్లాడుకున్నారు. లోపల వివరాల పలకలు ఇంగ్లిషులో ఇంకాస్త ఎక్కువ ఉంటే బాగుండేది. ఇక్కడి మ్యూజియంలు మామూలుగా సోమవారం మూసేస్తారు, చలికాలంలో పల్లెల్లో చాలావాటికి సెలవే. ఏప్రిల్ నుంచి అక్టోబర్ లోపల, సోమవారం కాని రోజు చూసుకుని వెళ్ళండి.

భోజనం సంగతి. మైదానం అంచునే తినే చోట్లున్నాయి. మేం కూర్చున్న హోస్పొదాలో (బీరూ భోజనమూ దొరికే పల్లె హోటల్) బయట బెంచీల మీద నుంచి చెరువు, మందిరం కనబడతాయి. నేను కులైదా తీసుకున్నాను. దక్షిణ బొహీమియా సూప్ ఇది. బంగాళాదుంప, అడవి పుట్టగొడుగులు, మీగడ, బోలెడంత సోయికూర, కాస్త వెనిగర్ పులుపు, పైన ఒక ఉడికిన గుడ్డు. చిక్కగా, వేడిగా, పుల్లగా ఉంది. సోయికూర తాజాగా తరిగినదే, వాసనకే తెలిసిపోయింది. దీన్ని కొన్నిచోట్ల మాంసం ఉడికించిన నీళ్ళతో చేస్తారు కాబట్టి శాకాహారులు "బెజ్ మసా" (మాంసం లేకుండా) అని అడిగి తీసుకోండి. అత్తయ్య మాంసం తినరు. ఆవిడ స్మజెనీ సీర్, అంటే రొట్టెపొడి పట్టించి వేయించిన చీజ్, ఉడికించిన బంగాళాదుంపలతో తిన్నారు. ఉప్పు సరిపోయింది గానీ కారం అసలు లేదన్నారు. సగం తిని, వేడిగా ఉన్నంతసేపే బాగుందని తేల్చేశారు. అది నిజమే. ఆ వంటకం చల్లారితే రబ్బరే. పక్క బల్లల మీద అందరూ తాగేది బుద్యెయోవిత్సేలో తయారయ్యే బుద్వార్ బీరు. ఆ బ్రూవరీ 1895 నాటిది. వడ్డించినవాళ్ళు తొందరపెట్టలేదు, మర్యాదగా ఉన్నారు. కార్డు తీసుకున్నారు, అయినా చిన్న దుకాణాల కోసం కొన్ని కొరునాలు (చెక్ డబ్బు) నోట్లుగా దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఊరి చివర పొలంలో పెద్ద పెద్ద రాళ్ళు గుండ్రంగా నిలబెట్టి ఉంటాయి. ఇంటర్నెట్‌లో దీన్ని చూసి ప్రాచీనమని కొందరు అనుకుంటున్నారు. అది ఈ 21వ శతాబ్దంలో నిలబెట్టినదే. పిల్లలుంటే సరదాగా తిరగొచ్చు, అక్కణ్ణుంచి చేలూ కొండలూ బాగా కనబడతాయి. టైము తక్కువుంటే మాత్రం దాన్ని వదిలేసి ఆ టైము ముఖగోడలకివ్వండి.

జూలై చివర్లో ఇక్కడ సెల్స్కే స్లావ్నోస్తి అనే రైతుల పండగ జరుగుతుంది. కమ్మరులు, కుమ్మరులు, బుట్టలల్లేవాళ్ళు, నేతగాళ్ళు వచ్చి మైదానం చుట్టూ దుకాణాలు పెడతారు, పాటలూ నాట్యాలూ ఉంటాయి. చేతిపని వస్తువులు కొనాలనుకునేవాళ్ళకి అది మంచి సమయం. ఇళ్ళు చూడాలనుకుంటే ఆ రోజుల్లో వద్దు. పందిళ్ళు, జనం అడ్డొచ్చి గోడలు కనబడవు.

ఇప్పుడు ఆ రెండు నక్షత్రాల సంగతి. ప్రాగ్ నుంచి బుద్యెయోవిత్సేకి రైల్లో సుమారు రెండు గంటలు, అది హాయిగా ఉంటుంది. రైల్వే స్టేషన్ ఎదురుగానే మెర్క్యురీ షాపింగ్ సెంటర్ పైకప్పు మీద బస్ స్టాండ్. అక్కణ్ణుంచి హోలషోవిత్సేకి బస్సులున్నాయి, కానీ తక్కువ. శని, ఆదివారాల్లో మరీ తక్కువ. టైమ్‌టేబుల్‌లో బస్సు వేళ పక్కన అడ్డంగా పెట్టిన రెండు సుత్తుల బొమ్మ ఉంటే అది పనిరోజుల్లో మాత్రమే నడుస్తుందని అర్థం. వృత్తంలో 6 ఉంటే శనివారం, సిలువ గుర్తుంటే ఆదివారం, సెలవు రోజులు. ఈ గుర్తులు తెలియకుండా ఆ పలకని చదివితే లేని బస్సు కోసం ఎదురు చూడాల్సి వస్తుంది. ఫోన్‌లో ఐడోస్ అనే బస్సు, రైలు వేళల యాప్ చూసుకుంటే ఆ రోజు నిజంగా నడిచేవే చూపిస్తుంది.

మేం తిరుగు ప్రయాణానికి ముందే మాట్లాడుకున్న టాక్సీ రాలేదు. ఫోన్ చేస్తే ఇదిగో అదిగో అన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. పెద్దావిడతో ఉన్నాం, చీకటి పడుతోంది, నాకు బాగా టెన్షన్ వచ్చింది. చివరికి హోస్పొదాలో పనిచేసే అబ్బాయి డ్యూటీ దిగి నగరానికే వెళ్తున్నానని మమ్మల్ని స్టేషన్ దగ్గర దింపాడు. పెట్రోలుకి డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ టాక్సీవాళ్ళ పేరు రాయను. కానీ ప్రపంచ వారసత్వ స్థలానికి సాయంత్రం ఆరు దాటాక నమ్మకమైన బస్సు లేకపోవడం జిల్లావాళ్ళు తప్పక సరిదిద్దాల్సిన లోపం. టూర్ వ్యాన్లే గతి అయినప్పుడు జనం కాసేపు చూసి వెళ్ళిపోక ఏం చేస్తారు?

కారుంటే ఈ బాధ లేదు. క్రుమ్లోవ్ నుంచి ఇరవై కిలోమీటర్లకి అటూ ఇటూ. కారు ఊరి బయట పెట్టి నడిచి రండి, మైదానం చుట్టూ కార్లు లేకపోతేనే ఇళ్ళు ఇళ్ళలా కనబడతాయి. ఇంకో ముఖ్యమైన మాట. ఇవన్నీ జనం కాపురముంటున్న ఇళ్ళు. గుమ్మం తెరిచి ఉంది కదా అని పెరట్లోకి ఫోన్ పట్టుకుని వెళ్ళేవాళ్ళని చూశాను. ఒక ఇంటావిడ బట్టలు ఆరేసుకుంటూ ముఖం పక్కకి తిప్పుకుంది. ముఖగోడ వీధి నుంచే పూర్తిగా కనబడుతుంది, లోపలికి తొంగిచూడాల్సిన పనే లేదు.

ఎండ ఏ వైపు పడుతుందో చూసుకుని తిరగండి. పొద్దున పడమటి వైపు ఇళ్ళ మీద వెలుగు బాగా ఉంటుంది, సాయంత్రం తూర్పు వైపు వాటి మీద. ఏటవాలు ఎండలోనే గార ఉబ్బెత్తు నీడలు తెలుస్తాయి. మిట్టమధ్యాహ్నం అన్నీ చదునుగా కనబడతాయి, ఆ గంట భోజనానికీ మ్యూజియానికీ పెట్టుకోండి. ఒక పూట మొత్తం ఉంచుకుంటే సరిపోతుంది. ఇంకో పూట కూడా ఉండి సొంత బండి ఉంటే, ఇదే శైలి ఇళ్ళున్న ప్లాస్తోవిత్సేకి వెళ్ళండి. హ్లుబొకా కోటకి పోయే వైపు, చిత్తడి నేలల మధ్య ఉంటుంది. అక్కడ టికెట్టూ లేదు, టూర్ వ్యాన్లూ ఆగవు.